సొంత గొంతు

"ఇవాళే డబ్బింగ్ చెప్పేస్తాను సార్. కాదనకండి," అంది నటి, రికార్డింగ్ గది తలుపుకి అడ్డంగా నిలబడి.

దర్శకుడు నెత్తి పట్టుకున్నాడు. "ఎడిటింగే పూర్తవలేదు తల్లీ! ఏ సీను ఉంటుందో ఏది ఎగిరిపోతుందో నాకే తెలీదు. వచ్చే నెల చెబుదువుగాని."

"ఎగిరిపోతే పోనివ్వండి. అన్నీ చెప్పేస్తాను."

"అంత కొంపలేం మునిగిపోయాయి?"

"రేపు వెళ్ళిపోతున్నా. వేరే సినిమా ఉంది."

"అదీ సంగతి! పెద్ద అవకాశం రాగానే మేం కూరలో కరివేపాకులమైపోయాం. ఇంతకీ ఏం వేషం?"

"మూగదాని వేషం."

సౌండ్ ఇంజినీరు పక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పదకొండేళ్ళలో తొమ్మిది చిన్న సినిమాలు చేసింది. తొమ్మిదింటిలోనూ మొహం ఆమెది, గొంతు ఇంకెవరిదో. ఆ సినిమాల్లో లైట్లకి కొదవ ఉండేదిగానీ, ఆమె గొంతుకి వంకలు పెట్టేవాళ్ళకి ఏనాడూ కొదవ లేదు.

"ఈసారి నా గొంతే ఉంచుతానని మాటిచ్చారు."

"ఇచ్చానమ్మా. కానీ ఇదేం గొంతు? ఇంత బొంగురుగా ఉందేంటి? జలుబు తగ్గనీ. అంత తొందరైతే చెప్పు, వేరే ఆవిడ వచ్చి గంటలో చెప్పేసి పోతుంది."

"వద్దు సార్!" ఆమె అతని చేతులు పట్టేసుకుంది. "కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. మొన్న మా అమ్మాయి టీవీలో నా సినిమా చూసి, 'ఈవిడ నీలాగే ఉందమ్మా, కానీ నువ్వు కాదు' అంది. నాలుగేళ్ళ పిల్ల! నాకు చచ్చినంత పనైంది."

దర్శకుడు ఇంజినీరు వైపు చూశాడు.

"మన కథలో ఆవిడ మిల్లులో మిషన్ల మధ్య అరిచి అరిచి బతికిన మనిషి కదా సార్. ఈ గొంతే సరిపోతుంది," అన్నాడు ఇంజినీరు.

అలా మొదలైంది. మాట జీరబోతే వేడినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. బాగుందన్నా వినకుండా మళ్ళీ చెప్పింది. కొడుకుని వెతికే సీను దగ్గర దర్శకుడికే కళ్ళు చెమర్చాయి.

సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆమె మాత్రం మైకు దగ్గర్నుంచి కదల్లేదు.

"ఇంకో రెండు నిమిషాలు రికార్డు చెయ్యన్నా," అని గొంతు సవరించుకుంది. "లేవవే బంగారం, స్కూలు బస్సొచ్చేస్తోంది. పాలు తాగావా? అబద్ధాలాడకు. సరే, పడుకో. అమ్మ ఇక్కడే ఉందిగా."

"ఇది మన సినిమాలోది కాదే!" అన్నాడు దర్శకుడు.

"మా ఇంట్లోది. పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి."

"దీనికింత హడావుడా? అక్కణ్ణుంచి రోజూ ఫోన్ చేస్తే పోలా!" అన్నాడు ఇంజినీరు.

"కుదరదులే అన్నా."

"వెళ్ళిరా తల్లీ," దర్శకుడు మెత్తబడ్డాడు. "పెద్ద స్టార్‌వయ్యాక మమ్మల్ని మర్చిపోకు."

ఆమె పెన్‌డ్రైవ్ గుప్పిట్లో బిగించుకుని, తల ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం డాక్టర్లు క్యాన్సర్ పట్టిన ఆమె స్వరపేటికను తీసేశారు.