చిలకపచ్చ టై

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ముందా టై తీసెయ్" అంది కూతురు, ఇస్త్రీ పెట్టె పక్కన పెడుతూ.

పెద్దాయన అద్దం ముందు నుంచి కదల్లేదు. నీలం కోటు, గళ్ళ చొక్కా, దానిమీద చారల చిలకపచ్చ టై. నల్లబూట్లు, ఇటుకరంగు బెల్టు. ప్యాంటు కింద నుంచి ఎర్ర మేజోళ్ళు తొంగిచూస్తున్నాయి.

ఆయన భార్య పెద్ద సూట్ల కొట్టులో పనిచేసిన మనిషి. బూటుదే బెల్టు రంగు, మేజోడు ప్యాంటుకు చుట్టం, గళ్ళకూ చారలకూ పొత్తు కుదరదు. ఆ ఇంట్లో అదే చట్టం. హోటల్లో రిసెప్షను ఉద్యోగానికి బయల్దేరిన మొగుణ్ణి మెట్ల మీద నుంచి వెనక్కి పిలిచి మరీ టై మార్పించేది. ఒకసారైతే బస్సు ఎక్కినవాణ్ణి దింపించింది. నలభై ఏళ్ళలో ఆయన జేబురుమాలు కూడా సొంతంగా ఎంచుకున్న పాపాన పోలేదు.

ఇవాళ మనవరాలి పెళ్ళి. కూతురు తల్లి నేర్పినట్టే బూడిదరంగు సూటు, దానికి తగ్గ టై సిద్ధం చేసి మంచం మీద పరిచింది. ఈయన వాటికేసి కన్నెత్తి చూస్తే ఒట్టు.

"దిష్టిబొమ్మకైనా ఇంతకంటే పొందిగ్గా తొడుగుతారు. అమ్మ పక్కన ఫొటోకి నిలబడాల్సినవాడివి. జనం నవ్విపోతారు."

"నవ్వనీ."

"అమ్మ ఏమనుకుంటుంది?"

"అనుకోడం దేనికి? అనమను. ఇన్నేళ్ళు పడ్డవాణ్ణి, ఇవాళ పడలేనా?"

అల్లుడు మధ్యలో దూరి, పోనీ ఆ ఎర్ర మేజోళ్ళన్నా మార్చమని బతిమాలాడు. పెద్దాయన ప్యాంటు ఇంకో అంగుళం పైకి లాక్కుని కారెక్కాడు.

పెళ్ళి హాల్లో నవ్వులు గుమ్మంలోనే ఎదురొచ్చాయి. కరెంటు పోయినప్పుడు తొడుక్కున్నారా బావగారూ అని వియ్యంకుడు పరాచికమాడాడు. కూతురు తలెత్తలేక గోడవారగా నడిచింది. ఆయన మాత్రం ఛాతీ విరుచుకుని నేరుగా ముందు వరసకు వెళ్ళాడు. అక్కడ ముందే వచ్చి పట్టుచీరలో కూర్చున్న భార్య ఎదుట, దీపాల వెలుగు సూటిగా పడేచోట చూసుకుని నిలబడ్డాడు.

ఆమె చూపు బూట్ల మీద పడింది. మేజోళ్ళ దగ్గర ఆగింది. బెల్టు దాటి, గళ్ళు దాటి, టై దాకా పాకింది. నొసలు ముడిపడింది. పెదవులు వణికాయి.

"ఏంటండీ... ఆ టై... తీసెయ్యండి."

"తీయను" అన్నాడు ముడి ఇంకాస్త బిగిస్తూ. "సరిగ్గా వినబళ్ళేదు. మళ్ళీ చెప్పు."

పక్షవాతం నోరు కట్టేశాక ఆమె పలికిన తొలిమాట అది.