వేరు పొయ్యి

పశువుల పాక వెనక మూడు రాళ్లు కనబడేసరికి గాసి చేతిలోని గడ్డిమోపు అక్కడే జారవిడిచాడు. మూడూ గెడ్డ నీళ్లలోంచి తెచ్చిన రాళ్లే. ఒకే ఎత్తువి ఏరి తెచ్చి, చుట్టూ ఎర్రమట్టి మెత్తి, అరచేత్తో నున్నగా అలికి ఉంది. మట్టి తడి ఇంకా ఆరలేదు.

ఇంట్లో పొయ్యి ఉండగా పాక వెనక ఇంకో పొయ్యి దేనికి? ఎవరో వేరు పడుతున్నారు. ఎవరో అని అనుకోవడం దేనికి, కోడలే. పొద్దున్నే గాయత్రి మట్టితట్ట మోసుకు రావడం అతను కళ్లారా చూశాడు.

గూడెం కొత్తవీధి నుంచి కిందటి వేసవిలో కాపరానికి వచ్చింది ఆ పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొన్న గాసి కాఫీ పంటని పూత మీదే షావుకారికి మాటిచ్చేసి, ఆ బయానాతో ఒక పాత జీపు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. అరకు వచ్చే టూరిస్టుల్ని తిప్పుతానని ఊరంతా చెప్పుకున్నాడు. అప్పుడు కూడా గాయత్రి పెద్దగా ఏమీ అనలేదు. "అత్తని ఓపాలి అడిగేవా, మావా?" అని మాత్రం అంది. ఆ మాట అతనికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇంటి పెద్ద ఎవరిని అడగాలట? అత్త సోములమ్మని చూసి నేర్చుకోవద్దూ? ఆమె జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద చెయ్యి వేసి చూసి, మారు మాట లేకుండా లోపలికి వెళ్లి అంబలికి చోళ్లు విసురుకుంది. ఇల్లాలంటే అలా ఉండాలని గాసి ఆ రోజే మురిసిపోయాడు.

ఆ పొయ్యి చూసింది మొదలు అతనికి కాలు నిలవలేదు. జీపు తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. తోటకని బయల్దేరి, కొండ మలుపులో కాఫీ పూల వాసన తగలగానే బెంగ పుట్టి వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో ఏ చప్పుడైనా పంపకాల్లాగే వినబడింది. అటక మీంచి చిన్న కుండ కిందకి దిగింది. కోళ్ల గంప పక్కన ఇంకో గంప చేరింది. విత్తనపు చోళ్లు రెండు ఎండు ఆనపబుర్రల్లోకి వెళ్లాయి. కొడుకు కామేష్‌ని నిలదీస్తే, అమ్మనడుగు అంటూ తల వంచుకుని తప్పుకున్నాడు. పెళ్లాం చాటు గుంటడు, ఇంకేం చెబుతాడు!

చివరికి చోళ్లు చెరుగుతున్న సోములమ్మ దగ్గరే చతికిలబడ్డాడు.

"పాక ఎనక పొయ్యి సూసేవా?"

"సూసేను."

"తెలిసే ఊరుకున్నావేటే?"

సోములమ్మ చేట ఆపింది. "ఒక ఇంట్లో ఉంటూ, ఒకలు అడక్కండా అన్నీ సేసేత్తంటే, రెండోవోలు ఎన్నాళ్లని ఓర్సుకుంటారు?"

గాసి ప్రాణం కుదుటపడింది. అడక్కుండా పొయ్యి పెట్టినందుకు కోడలి మీద ఆమెకీ మంటగానే ఉందన్నమాట.

"ఏరెల్లిపోయేవోలికి ఏటిత్తావు?" అని ఆమే అడిగింది.

"పెద్దల్లో సెప్తాను" అన్నాడు గొప్పగా.

అన్నాడే గానీ, తోట తలుచుకుంటే భయమేసింది. అందులో వాటా పోతే షావుకారికిచ్చిన మాట పోతుంది, దాంతో జీపూ పోతుంది. అసలు ఆ పిల్లకి తోట మీద హక్కేమిటి? గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లు కాఫీ మొక్కలిచ్చిన ఏడాది తాను రోడ్డు పనుల్లో ఉంటే, సోములమ్మ ఒక్కతే మొక్కల తట్ట నెత్తిన పెట్టుకుని వానలో కొండెక్కింది. కామేష్ అప్పుడు ఆమె వీపున గుడ్డలో ఉన్నాడు. మిరియపు తీగల్ని చెట్లకి పాకించిందీ ఆమే. అంత కష్టాన్ని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేతిలో పోస్తారా? అలా ఉడికిపోతుంటేనే అతనికి ఉపాయం తట్టింది. తట్టగానే లేచి వెళ్లి ఊరి పెద్ద సోంబరుని రేపు రమ్మని పిలిచాడు.

మర్నాడు అందరూ ఇంట్లో పాత పొయ్యి చుట్టూ కూర్చున్నారు. సోంబరు నిదానంగా పద్ధతి చెప్పాడు.

"ముందు మాట, ఎనక నిప్పు. ఏరెల్లేవోలు ఈ పొయ్యిలో నిప్పు తమ సేత్తోనే వొంగి తీసుకోవాల. తీసుకున్నాక, ఇక్కడ అన్న మాట మరి తిరగదు. సెప్పు గాసీ."

గాసి గొంతు సవరించుకున్నాడు. "నాను అన్యాయం సెయ్యను, అన్నా. తోటలో ఎవులు నాటిన మొక్క ఆలదే. ఎవులు పెంచిన కోడి ఆలదే. నాటనోలికి ఒక్క గింజ లేదు."

సోంబరు అతన్నే కాసేపు చూశాడు. "ఇంటిల్లిపాదికీ ఇదే మాటా?"

"ఇంటిల్లిపాదికీ ఇదే మాట."

"ఇంకోపాలి ఆలోసించుకుంటావేటి?"

"రాతిరంతా ఆలోసించేను."

గాసి ఓరగా కోడలి వైపు చూశాడు. ఆ పిల్ల మొహంలో రంగు మారలేదు. పాపం, తనకి ఒక్క గింజ కూడా దక్కదని ఇంకా బుర్రకెక్కలేదనుకుని జాలిపడ్డాడు. కొన్నాళ్లు పోయాక కొడుకుని జీపు తోలడానికి పిలుద్దాంలే, కన్నవాడు కదా, అని మనసులో కాస్త మెత్తబడ్డాడు కూడా.

గాయత్రి లేచి మట్టి మూకుడు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. పొయ్యిలో కట్టె చిటపటమంది. ఈ రెండు రోజుల అలజడీ ఇంక తీరిపోతుందని గాసి తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"కానీండి, బేగి" అన్నాడు.

వంగి నిప్పు తీసుకున్నది సోములమ్మ.