నిద్ర లెక్క

డ్రైవింగ్ స్కూలు కారులో వెనక సీటుతో ఎవరికీ పని ఉండదు. నేర్చుకునేవాళ్ళు ముందు కూర్చుంటారు, నేర్పేవాడు వాళ్ళ పక్కన. అందుకే మాస్టారు పదిహేను రోజులకోసారి ఆ వెనక సీట్లోకి దూరి, అద్దాలన్నీ పైకెక్కించి, మానసిక వైద్యురాలితో ఫోన్లో వీడియో కాల్ మాట్లాడతాడు.

ఇంట్లో మాట్లాడటం కుదరదు. ఆఫీసు గదిలో గోడకి కూడా చెవులే. మిగిలింది ఈ కారు, బండి నేర్పే మైదానం చివర ప్రహరీ పక్కన.

ఇరవై ఏళ్ళుగా ఎంతోమందికి క్లచ్చు మెల్లగా వదలడం నేర్పిన మనిషి. పిచ్చి డాక్టరుతో మంతనాలాడుతున్నాడని పొక్కితే ఇంకేమన్నా ఉందా? ఎదురుగా “అయ్యో పాపం” అంటారు, మర్నాడు పక్క స్కూల్లో చేరతారు. లోకం సంగతి ఆయనకి తెలియనిది కాదు.

“నిద్ర ఎలా ఉంది?” అంది డాక్టరు తెర మీద.

మాస్టారు జేబులోంచి చిన్న డైరీ తీశాడు. “సోమవారం పదకొండుంబావుకి పట్టిందండి. రెండింటికి మెలకువ. మళ్ళీ రెండూ నలభైకి పట్టి, ఆరు దాకా.”

“నిమిషాలతో సహా రాసే పేషెంటు నాకు మీరొక్కరే. మీ అంతట మీరే సాయం అడిగి వచ్చారు చూడండి, దానికి చాలా ధైర్యం కావాలి.”

మాస్టారు డైరీలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆమె మెచ్చుకున్నప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టే ఉంటుంది.

“గోడ అవతల మాటలు?”

“పది రోజులైందండి, లేవు.”

“తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న అనుమానం?”

“అది మాత్రం పూర్తిగా పోలేదండి. కంచం మళ్ళీ కడిగాకే అన్నం.”

“అది ఆఖరున పోతుంది, కంగారుపడకండి. ఎవరూ ఏమీ కలపరు. అదంతా భ్రమ, అంతే.”

“సరేనండి,” అన్నాడు. భూమి చీలి కారుతో సహా తనని మింగేస్తే బాగుండుననిపించింది.

అద్దం మీద టకటకా చప్పుడైంది. బట్టలు కుట్టే ఆవిడ, పది గంటల క్లాసు. మాస్టారు ఫోన్ని ఒళ్ళో బోర్లించి అద్దం కొంచెం దించాడు.

“ఇన్సూరెన్సు వాళ్ళమ్మా. ఒక్క ఐదు నిమిషాలు.”

“ఇన్సూరెన్సు వాళ్ళకి చిక్కితే ఐదు నిమిషాల్లో వదుల్తారా మాస్టారూ? సాయంత్రందాకా కూర్చోవాల్సిందే,” అని నవ్వుతూ వెళ్ళి ప్రహరీ నీడలో నిలబడింది. గేరు తప్పేసిన ప్రతిసారీ “తప్పు నాదే మాస్టారూ” అని నిజాయితీగా ఒప్పుకునే మనిషి. ఆవిడతో అబద్ధం ఆడాల్సి వచ్చినందుకు ఆయనకి సిగ్గేసింది.

“మీ ఆవిడకి చెప్పారా?” అంది డాక్టరు మళ్ళీ తెర మీదికి రాగానే. “మొదటి రోజు నుంచీ చెప్పమంటున్నాను.”

“చెప్తే ఊరుకోదండి. ఒకసారి డాక్టరు మాట ఎత్తినందుకే మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.”

“మీ గురించి బాధపడి ఉంటుంది. దాచేకొద్దీ పెరుగుతుందండీ.” డాక్టరు కళ్ళజోడు సర్దుకుంది. “ఇంకో సంగతి. మగత వస్తుంది, బండి నేర్పడం ఆపమంటే, మగతే లేదన్నారు. ఈ మోతాదుకి ఎవరైనా కుర్చీలోనే జోగుతారు. నాకు అర్థంకాక రక్తపరీక్ష రాశాను. మనిషి మనిషికీ మందు ఒక్కలా పట్టదు, మీ ఒంటికి ఎంత కావాలో చూసి మారుద్దామని. రిపోర్టు వచ్చింది.”

మాస్టారు డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ రక్తం మీదేనా?”

“నాదేనండి.”

“అందులో మందు జాడే లేదు.”

బయట ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు బండి ఆపేసుకుని, మళ్ళీ స్టార్టు చేస్తున్నారు.

“మీరు మాత్రలు మింగడం లేదు,” అంది డాక్టరు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు.

“ఒక్క పూట కూడా తప్పలేదండి. ఒట్టు.”

“నాలుగు నెలలుగా నిద్ర కుదిరింది, మాటలు ఆగాయి అని చెప్తూ వచ్చారు. అవన్నీ నమ్మి మోతాదు లెక్కగట్టాను. ఇప్పుడు నేను దేన్ని నమ్మాలి? మింగని మనిషికి మందు రాయడం నా వల్ల కాదండీ. ఇవాళ్టితో ఆపేస్తున్నాను. ఎవరినన్నా వెంటబెట్టుకుని ఆసుపత్రికి రండి, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.”

ఆపేస్తే ఏమవుతుందో మాస్టారికి తెలుసు. పోయిన నెల మందుల చీటీ ఆలస్యమై రెండు రోజులు మందు లేకపోతే, ఇంటి కిటికీలన్నిటికీ దుప్పట్లు వేలాడాయి. పొయ్యి వెలగలేదు. మూడోరోజు తెల్లారేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ రోజు ఏమీ కాకపోవడం అదృష్టం. మళ్ళీ అలాంటి రోజొస్తే ప్రాణం మీదికే వస్తుంది. పట్టీలో ఇంకా రెండే మాత్రలున్నాయి.

“ఉంటానండి,” అంటూ డాక్టరు వేలు తెర వైపు కదిలింది.

మాస్టారు ఫోన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేక కారు పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

“ఆపకండి డాక్టరుగారూ, ఆ జబ్బు మా ఆవిడదండి, నాలుగు నెలలుగా ఆ మాత్రలు నూరి తనకి తెలీకుండా తన కాఫీలో నేనే కలుపుతున్నాను.”