రోగి వేషం

“వందలోంచి ఏడేసి తీసేస్తూ రండి సార్.”

“తొంభై మూడు. ఎనభై ఆరు...” ప్రొఫెసర్ లేచి కిటికీ దాకా వెళ్లాడు. తిరిగొస్తూ, సగం తెరిచి ఉన్న తలుపు మూశాడు. కూర్చున్నాడు. “డెబ్భై... డెబ్భై ఆరు.”

ఎదురుగా ఉన్న పరిశోధక విద్యార్థిని కనుబొమలు కాస్త పైకి లేచాయి.

“కళ్లతో అందించకమ్మా. రోగి తడబడితే తడబడనీ. నీ మొహంలో జవాబు కనబడిందంటే పరీక్ష చెడినట్టే.”

“సారీ సార్.”

మనిషి తెలివిని కొలవడమే ఆయన జీవితమంతా చేసిన పని. మతిమరుపు ముదురుతున్నవాళ్లకు ఆసుపత్రుల్లో పెట్టే ఈ పరీక్ష ఆయన తయారుచేసిందే. ఏటా కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు రోగి వేషం తనే వేస్తాడు. కావాలని తప్పులు చెప్తాడు, విసుక్కుంటాడు, మధ్యలో లేచిపోతాడు. ఈయన సినిమాల్లోకి పోవాల్సింది అని డిపార్ట్‌మెంట్‌లో నవ్వుకుంటారు.

“ఇందాక మూడు మాటలు చెప్పాను. గుర్తున్నాయా సార్?”

“గొడుగు.” ఆయన వేళ్లు బల్ల మీద టకటకలాడాయి. “గొడుగు... ఇంకోటేదో పనిముట్టు.”

ఈసారి ఆమె కదల్లేదు. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

“తర్వాతి ప్రశ్నకి పో.”

పరీక్ష అయ్యాక ఆమె ఊపిరి పీల్చుకుని నవ్వింది. “సీనియర్లు చెప్తే నమ్మలేదు సార్. నిజంగానే భయమేసింది.”

“మార్కులు వేయి. మొహమాటపడకు.”

ఆమె కూడి, కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన చాలాసేపు చూశాడు.

“సరిగ్గా వేశావు. ఇంక వెళ్లమ్మా.”

కింద కారు దగ్గర భార్య ఎదురుచూస్తోంది. ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

“ఎలా చేసిందండీ కొత్తమ్మాయి?”

“చక్కగా చేసింది. మార్కులు వేసేటప్పుడు నాకు భయపడలేదు, నా మీద జాలీ పడలేదు.”

“రేపు డైరెక్టర్ పదవికి ఒప్పుకుంటున్నట్టు చెప్పాలి, గుర్తుందిగా?”

“వద్దని చెప్పేస్తాను.”

ఆమె వింతగా చూసింది. కారు ఎక్కాక, మాట మార్చడానికన్నట్టు అడిగింది. “పాపం, ఆ పిల్లని కూడా తప్పులు చెప్పి ఏడిపించారా?”

“తప్పులు చెప్పాను.” ఆయన అద్దం దించి, మళ్లీ ఎత్తాడు. “కానీ ఇవాళ నటించలేదు.”