చెయ్యి పెడితే దొరకాల

“ఇది గూడా కాదప్పా,” అంటూ రామాంజినప్ప ఎర్రకారులోంచి దిగాడు.

బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆ పాతకార్ల షోరూములో సేల్స్‌మన్ మహేశ్‌కు ఓపిక ఎక్కువ. అయినా ఉస్సురన్నాడు.

“ఏమైంది సార్? మీరడిగిన ఆటోమేటిక్కే కదా. కావాలంటే గేర్లు మీరే మార్చుకోవచ్చు. స్టీరింగ్ వెనక రెండు రెక్కలున్నాయి. కుడిది లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ వాళ్లంతా అదే కావాలంటారు.”

“స్టీరింగు తిప్పితే రెక్కలు గూడా తిరగతాయి గదా. మలుపులో యాడుండాయని వెతుక్కునేది? గేరంటే ఒకచోట ఉండాల. చెయ్యి పెడితే దొరకాల.”

ముప్పై ఏళ్లు ప్రైవేటు బస్సు తోలిన మనిషి. భార్య పుష్పావతితో కలిసి దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చాడు. షోరూము మెట్లు ఇద్దరూ చేతులు పట్టుకునే ఎక్కారు. మోకాళ్లు క్లచ్చు తొక్కనీయవని ఆమె ముందే ఫోనులో చెప్పింది.

మహేశ్ తెల్లకారు చూపించి, తాళంచెవి రామాంజినప్పకు అందించాడు. ఆయన తీసుకోలేదు. ఆయన చూపు ఎక్కడో దూరంగా, ఇంకా రోడ్డు మీదే ఉన్నట్టుంది. ఇదీ నచ్చలేదేమో అనుకున్నాడు మహేశ్. పుష్పావతి చెయ్యి చాపి తాళంచెవి తీసుకుంది.

“దీనికి రాడ్డు ఉంది సార్, మధ్యలో. ముందుకు తోస్తే గేరు పెరుగుతుంది. వెనక్కి లాగితే తగ్గుతుంది.”

“తిరకాసుగా ఉండాదే.”

“తిరకాసేముంది సార్? ముందుకంటే పెరగడమేగా?”

“కొండ దిగేటప్పుడు నీ ఒళ్లు ఎట్లా వంగతాది?”

మహేశ్ నడుము కాస్త వంచి చూసుకున్నాడు. “ముందుకే.”

“చెయ్యి గూడా ముందుకే పోతాది. అప్పుడే గేరు తగ్గాల. అంటే, ముందుకు తోస్తే తగ్గాల. దీన్ని చేసినాయప్ప కొండ దిగినట్టు లేదు.”

ఆయన కారును తడుముకుంటూ బానెట్టు వైపు నడిచాడు. పుష్పావతి మహేశ్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

“కోపం చేసుకోవద్దప్పా. డ్యూటీ నిలిపి రెండేండ్లాయె. అప్పుట్నుంచి ఏ కారూ ఎక్కడు. ఎవరో తోలతా ఉంటే పక్కన మూట మాదిరి కూసోలేనంటాడు. మా చెల్లెలి కొడుకు పెండ్లికి గూడా రాలేదు. మాటలు గూడా తక్కువైపోయినాయి. ఈ పొద్దు గేరు కుదరకపోతే ఇంక కారు మాట ఎత్తొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు.”

మహేశ్ తల గోక్కున్నాడు. తర్వాత షెడ్డు చివరకు చూశాడు.

“ఇంకొకటుందమ్మా, ఆటోమేటిక్కే. పాతది. ఎవరూ అడగరు. దానికి గేర్లు ఉల్టా అంటారు.”

“ఉల్టా అంటే?”

“ముందుకు తోస్తే తగ్గుతుంది.”

బానెట్టు దగ్గర రామాంజినప్ప తల తిప్పాడు.

“బూడిద రంగుది,” అంది పుష్పావతి, ఎవరూ అడక్కుండానే. “చిన్న సొట్ట ఉండాది. బాగుండాది.”

మహేశ్ ముందు తానే బండి తీశాడు. రామాంజినప్ప పక్క సీట్లో, పుష్పావతి వెనక. ట్రాఫిక్కులో నాలుగు అడుగులు, ఒక బ్రేకు. సందు దొరకగానే బండి కాస్త పరుగెత్తింది.

“ఇప్పుడు మూడోది పడింది,” అన్నాడు రామాంజినప్ప.

మహేశ్ డ్యాష్‌బోర్డు చూశాడు. మూడే.

“నువ్వు తోలప్పా. గేరు మాత్రం నాకియ్యి,” అంటూ ఆయన కుడిచెయ్యి రాడ్డు మీద వేశాడు.

కుందలహళ్లి అండర్‌పాస్ దగ్గరపడుతుంటే వెనకనుంచి పుష్పావతి, “దిగుడు వస్తాండాది,” అంది.

“అమ్మ కండక్టరా సార్?” అని నవ్వాడు మహేశ్.

“పెండ్లయిన కాడ్నుంచి నాకదే ఉద్యోగం,” అందామె.

రామాంజినప్ప రాడ్డు ముందుకు తోశాడు. ఇంకోసారి తోశాడు. ఇంజను గొంతు పెంచింది. మహేశ్ బ్రేకు తొక్కనే లేదు, అయినా ఎవరో వెనకనుంచి తాడుతో పట్టి ఆపినట్టు బండి నిదానంగా దిగింది.

“ఇదీ,” అన్నాడు రామాంజినప్ప. పొద్దుట్నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

పుష్పావతి చీరకొంగు కళ్లకు అద్దుకోవడం మహేశ్‌కు అద్దంలో కనబడింది. ఒక గేరుకు ఇంత ఏడుపేమిటో అతనికి అర్థం కాలేదు.

షోరూము ముందు బండి ఆపాడు.

“ఇంక అసలు మనిషి తోలి చూడాలి. లైసెన్సు తెచ్చారా సార్? రెన్యూవల్ చేయించిందేనా?”

“కొత్తదే. ఆర్నెల్లాయె తీసుకుని,” అంది పుష్పావతి, బ్యాగు తడుముతూ.

మహేశ్ దిగి, స్టీరింగు వైపు తలుపు బార్లా తీసి పట్టుకుని, “రండి సార్,” అన్నాడు.

రామాంజినప్ప కూర్చున్న చోటునుంచి కదలలేదు.

పుష్పావతి వచ్చి స్టీరింగు ముందు కూర్చుని, చూపు లేని భర్త చేతిని గేరు రాడ్డు మీద పెట్టింది.