పుల్ల పట్టేంత సందు

"ఈ ఒక్క నక్షత్రం జర పెద్దగ జేస్తవా, ఉస్తాద్?"

బురఖా లోపలి నుంచి జాహేదా గొంతు పీలగా వచ్చింది. నక్షత్రాల చిల్లుల జాలీ తెర తొలుస్తున్న తాజుద్దీన్ ఉలి ఆపలేదు.

మహబూబ్‌నగర్‌లో కొత్త మసీదు తయారైంది. శుక్రవారం ప్రారంభం. ఆడవాళ్లు ముందుగా వచ్చి చూసుకోవచ్చని కమిటీ కబురు పెట్టింది. అందరూ కింద పాలరాతి నేల మీద తిరుగుతున్నారు. నమాజు దిక్కు చూపే మిహ్రాబు గూడు చుట్టూ పాకిన నీలం తీగలను తడిమి చూస్తున్నారు. గుమ్మటం నుంచి వేలాడే అద్దాల దీపాన్ని చూసి నోళ్లు తెరుస్తున్నారు. మేనత్త అజీజా బేగం వాళ్లలో కలిసిపోయింది. జాహేదా మాత్రం మెట్లెక్కి, ఆడవాళ్ల కోసం కట్టిన పై వసారాలోకి వచ్చింది. వసారా ముందు భాగమంతా సిమెంటు జాలీయే. మూల పలక ఒక్కటే పని మిగిలింది.

"ఎందుకు పెద్దగ?" అన్నాడు తాజుద్దీన్.

"జుమ్మా అయినంక ఈడ మొదటి నిఖా ఉంది గద. పెళ్లికూతురు ఈ మూలకే కూసుంటది. పెళ్లికొడుకును ఒకసారి జూస్కుంటదని."

పక్కన సిమెంటు కలుపుతున్న ఐలేశం కిసుక్కున నవ్వాడు. తాజుద్దీన్ అతనివైపు ఉరిమి చూశాడు.

"ఆమెనే పంపిందా నిన్ను?"

"ఆమె దోస్తుననుకో."

పెళ్లికొడుకు ఎలాంటివాడో పెళ్లికూతురికి ఎవరూ చెప్పలేదు. అడిగితే, "పనిమంతుడు, ఇంకేం గావాలె?" అని నోరు మూయించారు. శుక్రవారం ఆమె 'కబూల్', ఒప్పుకున్నా అనేస్తే ఇక బతుకంతా అంతే.

జాలీని వేళ్లతో తడిమింది. ఎనిమిది మూలల నక్షత్రాలు, ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు. ఎక్కడా గీత తప్పలేదు. ఇంత నాజూకు పని చేసే మనిషి మాట కూడా మెత్తగానే ఉంటుందేమో అనిపించింది.

"చూసి ఏం జేస్తదంట?" అన్నాడు తాజుద్దీన్. "పెళ్లయినంక సచ్చేదాక జూసేది ఆ ముఖమే గద."

"నచ్చకపోతే?"

"బుక్కెడు బువ్వ పెట్టేటోడు నచ్చకుంట పోతడా?"

"గట్లంటవేంది ఉస్తాద్," అన్నాడు ఐలేశం. "పిల్ల భయపడతాంది. ఒక్క సందు పెద్దగ జేస్తే మసీదేమన్న కూలుతదా?"

"నువ్వు సిమెంటు కలుపు. నీ ఇంట్ల నీ పెండ్లాం మాటనే నడుస్తదని బస్తీ అంత ఎరుకే."

ఐలేశం మళ్లీ పార అందుకున్నాడు.

"కమిటీ వాళ్లు ఒప్పుకోరనా?" జాహేదా ఇంకోసారి ప్రయత్నించింది.

తాజుద్దీన్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది.

"కమిటీ వాళ్లు వేలు పట్టేంత సందు ఉంచుమన్నరు. నేనే పుల్ల పట్టేంత జేసిన. ఆడోళ్ల కండ్లకు జాగా ఇస్తే ఆగుతయా? పో, పోయి నీ దోస్తుకు చెప్పు. గిసొంటి ఇకమతులు మొగుని దగ్గర నడువయని."

"చెప్తా," అంది జాహేదా.

గబగబా మెట్లు దిగింది. ఇంటికెళ్లాక అన్నం కంచం పక్కకు జరిపింది.

"ఏమైందే బిడ్డా? గట్లున్నవేంది?" అని అజీజా బేగం అడిగితే, చెప్పలేక గోడవైపు తిరిగి పడుకుంది. చెప్పినా ఎవరు వింటారు? ఇంటిల్లిపాదీ అత్తరు సీసాలు వాసన చూసుకుంటూ సంబరంగా ఉన్నారు.

శుక్రవారం మసీదు కిక్కిరిసింది. పగలే అయినా అద్దాల దీపం వెలిగించారు. నమాజు ముగిశాక, పెళ్లికూతురి ఇష్టం అడగడానికి ఆమె తరఫు పెద్దగా నిలిచిన వకీలు, ఇద్దరు సాక్షులు పై వసారాలోకి వచ్చారు. పరదా వెనక నుంచి జవాబు రాలేదు. సిగ్గనుకుని వకీలు నవ్వుతూ మళ్లీ అడిగాడు.

"నాకు కబూల్ లేదు," అన్న జాహేదా గొంతు జాలీ దాటి వినపడగానే, కింద పెళ్లికొడుకు జాగాలో కూర్చున్న తాజుద్దీన్ ముఖం మీది పూల సెహ్రా పక్కకు తోసి పైకి చూశాడు.