బొమ్మ లేని సంచిక

తలుపు తీయగానే ఎదురుగా ఎవరో ఆడమనిషి.

మూతికి మాస్కు, భుజాన గుడ్డసంచి. నరహరి ఉన్నాడా అని అడిగింది.

తన మొగుణ్ణి పేరు పెట్టి అడిగిన మనిషిని స్వరాజ్యం పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. లేడు, సాంచాల మీద పనికి పోయాడు అని గడపలోనే నిలబెట్టి చెప్పింది.

లాక్‌డౌన్ సడలి, గుజరాత్‌లోని నవాగామ్‌కు వలస వచ్చిన తెలుగువాళ్లు మళ్లీ ఆ మరమగ్గాల మోతకు అలవాటు పడుతున్న రోజులవి.

వచ్చినామె పేరు పద్మారాణి. ఊరి అవతలి అమ్రోలి నుంచి వచ్చిందట. నరహరి చేరిన తాగుడు మానినవాళ్ల సంఘం తెలుగులో చిన్న పత్రిక వేస్తోందట. ఎవరి కథ వాళ్లే రాసివ్వాలి. చేతనైనవాళ్లు బొమ్మలు కూడా ఇవ్వాలి. కరోనా వల్ల మీటింగులన్నీ ఫోన్లోకి పోయాయి కాబట్టి తానే ఇల్లిల్లూ తిరిగి తీసుకుంటోందట.

ఎవరి పేరూ వేయం అని కూడా చెప్పింది.

పేరు లేని కథ ఏమిటి? స్వరాజ్యానికి అక్కడే అనుమానం మొదలైంది.

గుజరాత్‌లో తాగడమే నేరం. అలాంటి చోట పొట్లాల సారా వెతుక్కుని మరీ తాగి ఇల్లు గుల్ల చేసిన ఘనుడు ఆమె మొగుడు. ఎలాగో మానాడు. ఇప్పుడు వాడి చేత తాగానని రాయించుకుని పోతే, ఆ కాగితం రేపు ఠాణాలో తేలదని ఏమిటి నమ్మకం?

ఆ మాటే మొహం మీద అడిగేసింది.

పద్మారాణి నవ్వలేదు, కోప్పడలేదు.

"నీ భయం నాకు ఎరుకే చెల్లె. పుస్తెలమ్మిన సంగతి అందరి ముంగట చెప్పెటందుకు నరహరికి గూడ శాన దినాలు పట్టింది."

స్వరాజ్యం మెడ మీది కొంగు సర్దుకుంది.

ఆ సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు. పసుపుకొమ్ము కట్టుకుని, మెడ నిండా కొంగు కప్పుకుని తిరిగింది. ఆ గుట్టు ఈ మనిషి దాకా ఎలా పోయింది?

దాంతో పోలీసు భయం ఎగిరిపోయింది. అంతకంటే పెద్ద అనుమానం వచ్చి కూర్చుంది.

నరహరి ఇంటికి రాగానే నిలదీసింది. ఎవరామె, మొగుడున్నాడా, తాగుబోతుల నడుమ ఆడదానికి ఏం పని?

ఆమె తనకు అక్కలాంటిది అని మాత్రం అన్నాడు నరహరి.

"అక్కయితే ఆమె సంగతి చెప్పరాదు?"

"సంఘంల ఒకరి సంగతి ఇంకొకరు బయట చెప్పొద్దు. గది మా నియమం."

"పెండ్లాంకు గూడ?"

"పెండ్లాంకు గూడ."

"మరి నా పుస్తెల సంగతి చెప్పొచ్చునా?"

"గది నా తప్పు గనుక నేను చెప్పుకున్న."

ఏ పెళ్లాం ఒప్పుకుంటుంది ఈ జవాబు? స్వరాజ్యం ఒప్పుకోలేదు.

ఆదివారం నరహరి బొమ్మ గీస్తూ కూర్చున్నాడు. ఒకప్పుడు చీరల అంచులకు డిజైన్లు గీసిన చేయి అది. ఆ బొమ్మలో సాంచా మీద పోగు తెగింది. ఎవరిదో చేయి దాన్ని ముడి వేస్తోంది.

స్వరాజ్యం వంట వదిలేసి వచ్చి చూసింది. అది మగవాడి చేయి కాదు. సన్నటి వేళ్లు, మణికట్టుకు గడియారం. తన చేతికి గాజులే గాని గడియారం ఎన్నడూ లేదు.

బొమ్మ కోసం పద్మారాణి మళ్లీ వచ్చినప్పుడు స్వరాజ్యం ముందుగా ఆమె మణికట్టే చూసింది.

గడియారం ఉంది.

ఇక ఆగలేదు. బొమ్మ తెచ్చి ఆమె కళ్ల ముందే చింపేసింది. గల్లీ అంతా వినేలా అడిగింది.

"తాగుడు మాన్పిస్తనని చెప్పి మంది మొగుళ్లను ఎంబడేసుకొని తిరుగుతున్నవా?"

కిటికీలు తెరుచుకున్నాయి. నరహరి లోపలి నుంచి పరుగున వచ్చి ఏదో చెప్పబోయాడు. పద్మారాణి అతని వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. అతను నోరు మూసుకున్నాడు.

ఆమె ముక్కలు ఏరుకుని, సంచిలో వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది.

తప్పు లేకపోతే తిరిగి నాలుగు మాటలు అనదా అనుకుంది గల్లీ. స్వరాజ్యమూ అదే అనుకుంది. తన సంసారాన్ని తానే కాపాడుకున్నానని ఆ రోజు కడుపు నిండా అన్నం తింది.

పత్రిక బొమ్మ లేకుండానే వచ్చింది. పద్మారాణి మళ్లీ ఆ గల్లీలో కాలు పెట్టలేదు.

మరుసటి ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. ఒక పొద్దున నరహరి ఫోను చూసి మెట్ల మీదే కూలబడ్డాడు. పద్మారాణి కరోనాతో పోయిందట. చిన్న పిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పరాయిదాని కోసం ఇంత ఏడుపా అని స్వరాజ్యానికి ఒళ్లు మండింది. పోయిన మనిషి మీద కూడా ఆమెకు అనుమానం పోలేదు. ఇప్పుడన్నా చెప్పు, ఆమె నీకేమైతది అని గట్టిగా అడిగింది.

ఇక దాచి కాపాడవలసిన మనిషే లేదు కదా అనుకున్నాడు కాబోలు, నరహరి కళ్లు తుడుచుకున్నాడు.

"గా దినం గల్లీల నేనొక్క మాట చెప్తే ఆమె మీది నింద పోతుండె. గా మాట తెలిస్తే అత్తగారింట్ల ఉండనియ్యరని ఆమెనే వద్దన్నది."

"ఏం మాట?"

"ఆమె గూడ నా లెక్కనే తాగేది స్వరాజ్యం, మా అందరికన్న ముందు మానింది ఆమెనే."